ఖాళీ కుర్చీతో మాట్లాడిన అక్క

మొన్న పొద్దుగాల మా టీమ్ లీడ్ అక్క వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పోయింది. నిద్రలనే పోయింది, బాధపడలే" అన్నడు. ఏడుపొచ్చింది. కానీ నిజం చెప్త, దానికంటే ముందు పానం నిమ్మళమైంది. దవాఖానల ఆమె నొప్పి చూసినోళ్లకు నా మాట అర్థమైతది.

మడికొండ ఐటీ పార్కుల మాది చిన్న కంపెనీ. ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి, తప్పులు, సలహాలు దాని కింద రాయాలె. రివ్యూ అంటం. నేను ఇంతకుముందు చేసిన కాడ రివ్యూ అంటే "ఇది నీకెవడు నేర్పిండు?" అనుడే. ఈడ కూడా గట్లనే ఉంటే ఈ పనే ఇడిసిపెట్టి, ధర్మసాగర్‌ల మా నాయిన కిరాణం చూసుకుందామని అనుకొనే చేరిన.

మొదటి కోడ్ పంపినంక నీళ్లు తాగి వస్తుంటే, అక్క తన పక్కనున్న ఖాళీ కుర్చీ దిక్కు తిరిగి మాట్లాడుతాంది. "గీ పని రెండు చోట్ల ఎందుకు చేసినవ్ బిడ్డా? ఏదన్న కారణముందా, నాకే సమజ్ కాలేదా?" ఈమెకేమన్న అయిందా అని భయపడ్డ. తెర దిక్కు చూస్తే అది నా కోడే. ఎనుక నిలబడే, "కారణమేం లేదక్కా, తెల్వక చేసిన" అన్న. ఉలిక్కిపడి పక్కున నవ్వింది. "కూసో మరి. కుర్చీకి ఎంతసేపని చెప్పాలె?"

అది ఆమె అలవాటు. ఏదైనా టైపు చేసేముందు, ఆ మనిషి ఎదురుంగ ఉన్నట్టే నోటితోని అని చూసుకునేది. "మొఖం మీద అనలేని మాట రాయొద్దు" అనేది. అట్లని వదిలిపెట్టేది కాదు. తప్పును తప్పనే చెప్పి, ఎట్ల సక్కగైతదో చూపించేది. బాగున్న కాడ "ఇది మస్తుగుంది" అని రాసేది. కుర్చీ పేరు చెప్పి మేం ఆట పట్టిస్తే, "నవ్వుండ్రి, రేపు మీరూ మాట్లాడుతరు" అనేది.

పోయిన నెల దవాఖానకు పోయి, "నువ్వు లేకుంటే కిరాణంల పొట్లాలు కడుతుందునక్కా" అన్న. "మీ నాయిన నన్ను తిట్టుకుంటుండొచ్చు" అని నవ్వింది. చెప్పాల్సింది చెప్పిన. ఇప్పుడు తలుసుకుంటే ఆ ఒక్కటి హాయిగుంది.

నిన్న కొత్తగ చేరిన పిల్ల కోడ్ నా దగ్గరికొచ్చింది. తప్పు పెద్దదే. కోపంల, పాత కంపెనీల నన్ను ఏడిపించిన "ఇది నీకెవడు నేర్పిండు?" అన్న మాటే టైపు చేసిన. ఆగిన. అక్క మాట్లాడే ఆ ఖాళీ కుర్చీ అక్క టేబుల్ పక్కనే ఉంది, ఎవ్వరూ జరపలే. దాన్ని నా దిక్కు గుంజుకొని ఆ మాట అనబోయిన. నోరు రాలే. తుడిపేసిన.

"గిది ఇట్లెందుకు చేసినవ్ బిడ్డా, జర చెప్పు" అన్న, కుర్చీతోని, అందరికీ ఇనబడేటట్టు. ఎవ్వరూ నవ్వలే.