బాపట్లలో ముందే వేసిన షామియానా

మా పిన్ని కూతురు సునీత రేపల్లెలో కాన్వెంటు టీచరు. లండన్లో ఒక కుటుంబం తమ పిల్లల్ని చూసుకోవడానికి రమ్మందని, దాన్ని 'ఓపేర్' ఉద్యోగం అంటారని ఫోన్లో చెప్పింది. మెయిల్ నిండా బైబిల్ వాక్యాలేనట. వీసా ఖర్చులకని ఒకసారి కట్టిందట, మళ్ళీ అడుగుతున్నారట. నాకు ఒళ్ళు మండింది. తెనాలిలో నెట్ సెంటరుకి వెళ్ళి ఆ దేశ ఎంబసీ సైటు చూస్తే, ఆ రకం వీసా మన దేశం వాళ్ళకి అసలు లేనే లేదు. ఆ పేజీ ప్రింటు తీయించుకుని, శనివారం పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను.

టికెట్టు పది రూపాయల్లోపే. వేమూరు, భట్టిప్రోలు మీదుగా గంట పైచిలుకు ప్రయాణం. భట్టిప్రోలులో నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు దిగిపోయాక పెట్టె ఖాళీ అయింది. కిటికీ పక్కన సీటు దొరికినా నాకు బయటికి చూడాలనిపించలేదు.

సునీత ప్రింటు రెండుసార్లు చదివి గుమ్మంలోనే కూలబడింది. "నా డబ్బు పోతే పోయిందక్కా. దేవుడు నాకీ మేలు చేశాడని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. ఆ రోజు బాపట్ల నుంచి మా చర్చికి వచ్చిన గ్రేసీ అనే అమ్మాయి అది విని తనూ వాళ్ళకి రాసింది. ఇవాళ మధ్యాహ్నం బాపట్లలో వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక" అంది. మేలు జరిగితే సంఘాన్ని ఇంటికి పిలిచి, ప్రార్థన చేయించి భోజనాలు పెట్టడం మావాళ్ళ ఆనవాయితీ. వీళ్ళు వీసా రాకముందే పెట్టుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"మరి గ్రేసీ డబ్బు కట్టేసిందా?"

"సాయంత్రం కడతానంది. ఫోన్ ఎత్తడం లేదక్కా."

చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సు పట్టుకున్నాం. మామూలుగా గంటన్నర ప్రయాణం. వానలకి రోడ్డు పాడై ఇంకా ఆలస్యమైంది. స్టాండులో ఆటో ఎక్కి వీధి పేరు చెప్పగానే డ్రైవరు నవ్వాడు. "లండన్ వెళ్ళే అమ్మాయిగారింటికేనాండి? పొద్దుట్నించీ అక్కడికే తిరుగుతున్నానండి." సునీత మొహం పక్కకి తిప్పుకుంది.

ఇంటి ముందు షామియానా, పెరట్లో గాడిపొయ్యి మీద కోడిపలావు. కొత్త చీరలో గ్రేసీ ఎదురొచ్చి "వందనాలక్కా" అంది. సునీత ఆమెని పక్కకి లాక్కెళ్ళి సంగతంతా చెప్పింది.

"పొద్దున్నే కట్టేశానక్కా" అంది గ్రేసీ. "కట్టకుండా కృతజ్ఞతలు చెబితే దేవుడికి అబద్ధం చెప్పినట్టు కదా అంది అమ్మ. తన గొలుసు తాకట్టు పెట్టి మరీ ఇచ్చింది."

ఇంకా ఆపించొచ్చేమోనని, అదే ఆటోలో నేనూ గ్రేసీ డబ్బు పంపిన కొట్టుకి పరిగెత్తాం. కొట్టు ఆయన కంప్యూటరు చూసి, "అవతల తీసేసుకున్నారమ్మా" అన్నాడు. గ్రేసీ ఏడవలేదు. తిరిగొస్తూ దారంతా కొత్త చీర కొంగు నలుపుతూనే ఉంది. అంత నిజాయితీని కూడా దోచుకున్నాడు వాడు.

మేం వచ్చేసరికి పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి, ఈ మేలు ముందుగా పొందిన సహోదరి సాక్ష్యం చెబుతుందన్నారు. సునీత లేచింది. "ఆ ఉద్యోగం లేదండి. నన్ను మోసం చేశారు. నా మాట నమ్మి గ్రేసీ కూడా మోసపోయింది."

 గ్రేసీ వాళ్ళమ్మ పొయ్యి దగ్గర్నించి గరిటెతోనే ముందుకొచ్చింది. "వండింది పారేస్తామా అండి? కూర్చోండి, వడ్డిస్తాను" అంది. అందరూ తలలు వంచుకుని తిన్నారు. వెళ్ళేటప్పుడు, చావింట్లో చేసినట్టే, ఒక్కొక్కరూ ఆమె రెండు చేతులూ పట్టుకుని మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం రైల్లో తెనాలి వస్తూ ఆలోచించాను. ఆ మోసగాడికి మన ఊళ్ళు తెలియవు, మన చర్చీలు తెలియవు. ఒక్కరిని నమ్మిస్తే చాలు, మిగతావాళ్ళని మనమే నమ్మిస్తాం. ఇలాంటి పిలుపు వస్తే ముందు ఎంబసీ సొంత సైటులో ఆ వీసా మనకి ఉందో లేదో చూడండి. ఉద్యోగం ఇస్తానన్నవాడే డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి. మోసపోతే మాత్రం దాచుకోకండి. ఆ రోజు చేతులు కడుక్కునే చోట ఒక అమ్మాయి సునీత పక్కకి వచ్చి, ఎవరూ వినకుండా అంది: "మాకూ అదే మెయిల్ వచ్చిందక్కా. సోమవారం కడదామనుకున్నాం."