తపాలా మ్యూజియం గడప బయట

మా అమ్మకి కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమది కూడా ఎన్నాళ్లో ఆగదని డాక్టరు చెప్పిన రోజే పట్టు పట్టింది. అదీ పోయేలోగా వాళ్ల నాన్న గంటలు వినాలట. మా తాత కొండదారుల్లో తపాలా సంచీ మోసేవాడు. చేతిలో ఈటె, ఈటెకి గంటలు. ఆ ఈటె ఇప్పుడు అరకులో, తెల్లదొరల నాటి బంగళాలో పెట్టిన తపాలా మ్యూజియంలో ఉంది. సీలేరు నుంచి రెండు బస్సులు మారి, ఘాట్ రోడ్డంతా నేను కక్కుకుంటూ, ఆవిడ జంతికలు నములుకుంటూ వెళ్లాం.

తీరా వెళ్లాక, గడప దాటబోయి కాలు వెనక్కి తీసేసుకుంది. ఎదురు గోడకే అద్దం బిగించిన పాత కార్డు. కింద పెద్ద అక్షరాలతో 'మరణవార్త తెలిపే కార్డు' అని రాసుంది.

“ఓలమ్మో! సావు కబురు కార్డు ఇంట్లో ఎట్టుకున్నారేటి? బయటే సదివి సించేయాల కదా! నాను లోపలికి రాను.”

అదేమన్నా చిన్న గొంతా? చెవిటి మనిషి గొంతు. లోపలున్న ఉద్యోగి పరిగెత్తుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, బొజ్జ బెల్టు మీదికి దిగి ఉంది.

“అది ఎప్పటిదోనమ్మా, చాలా పాతది.”

“అయితే అన్నాళ్ల మైలన్నమాట!”

చింపమని ఆవిడ. గోడకి బిగించేశామని అతను. నాకు ఒళ్లు మండిపోయింది. కళ్లు మూసుకుని దాటెయ్యవే తల్లీ అన్నాను.

“నాను మూసుకుంటే కార్డు పోతాదేటే?” అంది.

“పోనీ, ఆ ఈటె బయటికి తే బాబూ.”

“తాకకూడదమ్మా. బోర్డుంది చూడండి.”

“నాను ముట్టుకుంటానన్నానా? నువ్వు ముట్టుకో. ఇనకూడదని కూడా బోర్డుందేటి?”

అతను లోపలికెళ్లి బోర్డులన్నీ నిజంగానే చదివొచ్చాడు. వినకూడదని ఎక్కడా లేదట. ఈటె తెచ్చి మెల్లగా కదిపాడు.

“అలక్కాదు. పరిగెట్టాల. బేగి!”

పాపం, ఆవరణలో కాఫీ మొక్కల చుట్టూ పరుగు మొదలెట్టాడు. ఘల్లు ఘల్లుమని గంటలు. టూరిస్టులు ఫోన్లు తీశారు. ఒకాయన నా దగ్గరికొచ్చి మళ్లీ షో ఎన్నింటికని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం ఎడమ చెవి అటు తిప్పి, కళ్లు మూసుకుని, మెట్ల మీద నిలబడిపోయింది.

మూడో చుట్టుకి అతను ఆయాసపడుతూ మా ముందుకొచ్చి ఆగాడు. గంటలూ ఆగాయి.

“ఇంకో చుట్టు తిరగమంటారా?”

“ఒద్దు. గంటలాగితేనే కదా ఇంటికొచ్చేసినట్టు,” అంది అమ్మ. సంచీలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, రెండు చేతులతో అందించింది.

“తాగు నాన్నా. సానా దూరం నుంచొచ్చినావు.”