నారాయణమ్మత్త లేచే చోటు

ఆదివారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మా ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. నా వెనక మా అక్క కొడుకు కిరణ్ టీవీలో పాత సినిమా పెట్టుకున్నాడు. నేను తెర వైపు చూడలేదు. వరసగా జీపులు ఆగిన చప్పుడు, ఆ వెంటనే డప్పు, ఒక ముసలి తల్లి గొంతు వినిపించాయి. చేతిలో సూది ఉండగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో కాసేపు నాకే తెలియలేదు. తర్వాత గుర్తొచ్చింది. తొంభైల్లో మా సీమ కక్షల మీద తీసిన సినిమాల్లో అదొకటి. నారాయణమ్మత్త లేచే చోటు వచ్చింది.

ఆమె మాకు చుట్టం కాదు. జమ్మలమడుగులో మా పక్కింట్లో బాడుగకు ఉండేది. సొంతూరు సింహాద్రిపురం దగ్గర పల్లె. ఊళ్ళో రెండు వర్గాలు, రెండు పార్టీలు. ఆమె భర్త ఒక వర్గంలో నలుగురితోపాటు తిరిగే మనిషి. ఎన్నికల కాలంలో అతన్ని బస్సు దిగినచోటే నరికారు. దినాలు కాగానే ఆమె పొలం మరిదికి అప్పగించి, ఒక్కగానొక్క కొడుకు ఓబులేసుతో టౌనుకు వచ్చేసింది. ఎనుములు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసేది. కొడుక్కి మీసాలు వస్తున్నకొద్దీ ఆమెకు నిద్ర తగ్గింది. ఊరినుంచి వచ్చిన ప్రతివాడూ వాడి భుజం తట్టి, "అచ్చం నాయన పోలికే" అనేవాడు. ఆ మాట ఎందుకంటున్నారో ఆమెకు తెలుసు.

అయినా ఆమెకు సినిమాలంటే ప్రాణం. పాటలు, హాస్యం చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. ఆదివారం మ్యాట్నీకి ఓబులేసునూ, వాడి ఈడుదాన్నే అయిన నన్నూ వెంటబెట్టుకుని పోయేది. తెర మీద తల్లి కొడుకు చేతికి వేటకొడవలి అందించగానే, "లెయ్యండి, పోదాం" అనేది. అలా ఆ సినిమాల చివరలు మాకు తెలియకుండా పోయాయి. గేటు దగ్గర టికెట్లు చించే మనిషి ఒకసారి ఎగతాళి చేశాడు.

"ఏం పెద్దమ్మా, మళ్ళా సగానికే పోతాండావే? మిగిలింది ఎప్పుడు చూస్తావు?"

"మిగిలింది మా ఊర్లో చూసినాలేప్పా."

ఆ తర్వాత ఆమె వస్తూ కనబడగానే అతడే గేటు తీసేవాడు.

ఇంటికి నడుస్తూ ఆమె ఎప్పుడూ ఒకటే అడిగేది. "మొదట్లో ఆ జీపు మింద నుంచి పడినోడు ఉండాడే, వాని యమ్మ యాడుంది? ఒక్కసారన్నా చూపిచ్చిరా?"

"వాడు విలన్ మనిషిమా. వానికి అమ్మెందుకు?" అనేవాడు ఓబులేసు.

"అమ్మ లేకుండా ఊడిపడినాడా?"

నేను నవ్వేదాన్ని. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగిలినదంతా జమ్మలమడుగు లైబ్రరీ బల్లల మీద నాకు నేనుగా చదువుకున్నది, ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. అత్త ప్రశ్న నాతోపాటు అక్కడికీ వచ్చింది. రాజుల చరిత్రలో యుద్ధానికి వేలమంది బలయ్యారన్న వాక్యాన్ని అంతకుముందు గబగబా దాటేసేదాన్ని. ఆ తర్వాత దాటలేకపోయాను. ఏ పుస్తకంలోనైనా ఆగాల్సిన చోటు ఒకటుంటుందని ఆమె వల్లే తెలిసింది.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. మరిది వచ్చి ఆమె అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, బుధవారం నామినేషను. పిల్లోన్ని ముందు జీపులో కూచోబెట్టుకుంటాం. జనం చూడాల."

"ఏం చూడాలప్పా?"

"అన్న కొడుకు పెద్దోడయినాడని."

తలుపు దగ్గర నిలబడిన ఓబులేసు ముఖం వెలిగిపోయింది. ఆ జీపు ఎక్కినవాడు అవతలి వర్గం కళ్ళలో ఆరోజే పడతాడు, ఇక దిగడమంటూ ఉండదు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

బుధవారానికి ముందు వచ్చిన ఆదివారం మేము చూసింది ఇప్పుడు కిరణ్ పెట్టుకున్న ఈ సినిమానే. తల్లి కొడవలి అందించింది. అత్త లేచింది. ఓబులేసు కదల్లేదు.

"నువ్వు పోమా. నేను చూసే వస్తా."

"లెయ్ నాయనా."

"లెయ్యను. ఎన్నాళ్ళు లేపుకోని పోతావు?"

"కూచోమ్మా, తెర కనపడల్యా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆమె కూర్చుంది.

తెర మీద విలన్ మనిషి ఒకడు బస్సు దిగాడు. హీరో వాళ్ళు చుట్టుముట్టారు. వాడు దుమ్ములో బోర్లా పడ్డాడు. హాలంతా ఈలలు. ఓబులేసూ రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేశాడు. అప్పుడు పక్కనుంచి అత్త ఏడుపు వినిపించింది. భర్త శవం దగ్గర కూడా ఆమె ఏడవలేదని చెప్పుకునేవారు.

"ఏందిమా? వాడు చెడ్డోడు. వానికోసం ఏడుస్తాండావా?"

"మీ నాయన గూడా ఇట్లనే బోర్లా పడినాడురా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ పొద్దు గూడా యాడో ఒగచోట ఈలలేసింటారు."

ఓబులేసు చేయి ఒళ్ళోకి జారిపోయింది. చివరిదాకా చూశాం. ఇంటికి నడుస్తుంటే ఆమె ఆ రోజు ఏమీ అడగలేదు.

బుధవారం పొద్దున జీపు వచ్చి హారన్ కొట్టింది. ఓబులేసు పాల చెంబుతోనే బయటికి వచ్చాడు.

"నేను రాను చిన్నాయనా."

"భయమా?"

"భయమే."

జీపులో ఉన్నవాళ్ళు నవ్వారు. "అయితే మీ యమ్మ గాజులేసుకోని ఇంట్లో కూచో పో" అన్నాడు మరిది.

"మా యమ్మకు గాజులు యాడుండాయి చిన్నాయనా?"

మరిది తల తిప్పుకుని, బండి పోనిమ్మన్నాడు.

ఆ పొలం మళ్ళీ వాళ్ళ చేతికి రాలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ పిలుపులు ఆగిపోయాయి. ఓబులేసు మోటార్ల వైండింగు నేర్చుకుని ప్రొద్దుటూరులో కొట్టు పెట్టాడు. అత్త ముసలితనంలో అతని ఇంట్లోనే, మంచం మీద పోయింది. అప్పటికే ఓబులేసుకు జుట్టు నెరిసింది. వాళ్ళ వంశంలో మగవాడి జుట్టు నెరవగా చూడటం ఇదే మొదలని ఆమె పోయేముందు నాతో అంది.

"ఎందుకు లేచినావు పిన్నీ? ఇంగా అయిపోలా" అన్నాడు టీవీ ముందునుంచి కిరణ్.

నేను వాడి పక్కన కూర్చున్నాను. ఆ బస్సు వచ్చింది. కిరణ్ ఈల వేశాడు.

"ఆ పడినోడు ఎవడురా?"

"ఏ పడినోడు?"

"ఎనక్కి తిప్పు."

తిప్పి ఆపాడు. హీరో భుజం వెనక, తెర మూలలో, బక్కపలచటి మనిషి. ఒక కాలికి చెప్పు లేదు.

"నిజమే, శానా సన్నగుండాడు. వీని పేరేంది పిన్నీ?"

ఆ సినిమాల్లో పేర్లు మొదట్లోనే వేసేవారు. కిరణ్ మొదటికి తిప్పాడు. ఇద్దరం ఒక్కొక్క పేరే చదువుకుంటూ వచ్చాం. ఏది వాడిదో తెలియలేదు. పాట మొదలైంది. కిరణ్ రిమోటు నొక్కి పాట ఆపాడు.

"ఇంగోసారి చూద్దాం పిన్నీ" అన్నాడు. "యాడన్నా దాటేసినామేమో."