బాగుందనకూడని బల్ల

మా కత్తెరక్క కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతుంది, కథలు రాస్తుంది. పాఠాలు జీతం కోసం. కథలు లేకపోతే మాత్రం ఆవిడకు ఊపిరాడదు. భర్త దృష్టిలో అదంతా గీకుడు. "ఆ గీకుడుతో ఒరిగేదేముంది?" అని ఆయన అన్నప్పుడల్లా భోజనాల బల్ల తుడుచుకుని, దాని మీదే మళ్లీ రాసుకోవడానికి కూర్చుంటుంది. నేనైతే ఆ తుడుపుగుడ్డ ఆయన మొహాన కొట్టేదాన్ని.

ఏటా జరిగే అధ్యాపకుల సదస్సులో నాకు దొరికింది అక్క. ఆవిడ పత్రం చదువుతుంటే గదిలో ఉన్నది నేనూ, ఒక లెక్కల మాస్టారూ. నిజం చెప్పొద్దూ, ఇద్దరం ఫ్యాను కింద కునుకు తీద్దామనే వెళ్లాం. బయటికొచ్చాక మాటల్లో ముగ్గురమూ దొంగచాటుగా కథలు రాసేవాళ్లమేనని తేలింది. ఇక విడదీసేదెవరు? అప్పటినుంచి ప్రతి సదస్సులోనూ భోజనాలయ్యాక క్యాంటీన్ మూల బల్ల మాదే. ఒకరు చదవాలి, ఇద్దరు వినాలి. "బాగుంది" అనకూడదు. ఎక్కడ నమ్మలేదో అది చెప్పాలి. ఈ నియమం అక్కదే, కత్తెరక్క అన్న పేరూ అందుకే వచ్చింది.

కిందటేడు మాస్టారు చేతికర్రతో వచ్చారు. జబ్బు మనిషిని సగం చేసేసింది. డాక్టర్లు చేతులెత్తేశారని ఆయనే చెప్పారు. ఆగి ఆగి కథ చదివారు. నేను మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపాను.

అక్క మాత్రం, "ముగింపు నమ్మలేదు మాస్టారూ. అంత తేలిగ్గా ఎవరూ క్షమించరు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ఒక్కసారికి ఆ కత్తెర పక్కన పెట్టలేవా అక్కా?" అన్నాను.

మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "ఉండమ్మా! నేను మంచాన పడ్డప్పటినుంచి ఇంట్లో అన్నిటికీ బాగుందే. మనవడికి లెక్క తప్పు చెప్పినా బాగుందే! నేనింకా బతికే ఉన్నానని గుర్తున్నది ఈవిడొక్కర్తికే."

ఆ సాయంత్రమే ముగింపు మార్చి వినిపించారు.

వానలు మొదలయ్యేలోపే ఆయన పోయారు. నేను ఫోన్ చేసి చెబితే అక్క "ఊఁ" అంది. పేపర్లు దిద్దాలి, ఉంటానంటూ పెట్టేసింది. పాపం, ఎవరితో చెప్పుకుంటుంది? ఏడాదికోసారి కనబడే ముసలాయన పోతే నీకెందుకే ఏడుపు అనరూ ఆ ఇంట్లో?

ఈ ఏడు మూల బల్ల దగ్గరకు అలవాటుగా మూడు కుర్చీలు లాగి, ఇద్దరం కూర్చున్నాం. అక్క కథ తీసింది. అందులో ఒకావిడ స్నేహితుడు పోతాడు. కబురు విని ఆవిడ పొయ్యి మీది పాలు దించి, గిన్నెలు కడుక్కుని, వెళ్లి పడుకుంటుంది. కథ అంతే. చదువుతున్నంతసేపూ అక్క గొంతు వణకనైనా లేదు.

"చెప్పవే" అంది.

బాగుందక్కా అనేసి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆవిడ ఏడవలేదంటే నేను నమ్మనక్కా."

అక్క కాగితాలు బల్ల మీద పెట్టింది. మూడో కుర్చీ వంక చూసింది. అప్పుడు ఏడ్చింది, క్యాంటీన్‌లో ఉన్నవాళ్లంతా తింటున్నది ఆపి చూసేంత గట్టిగా.