నీడలో పెట్టని బండి

మా పల్నాట్లో బండి ఆపేవాళ్లెవరైనా ముందు చెట్టునీడ వెతుక్కుంటారు. నరసరావుపేటలో మా పక్కింటి బాబాయి మాత్రం ఎండ వెతికేవాడు. మిర్చి వ్యాపారం మానేశాక పాత వ్యాను మీద సోలార్ ప్యానెల్ బిగించుకుని ఊళ్లు తిరిగేవాడు. ఎక్కడ ఆగినా వ్యాను మండుటెండలో, తను చెట్టుకింద. ఎవరన్నా నవ్వితే ఒకటే మాట: "నీడ మనిషిక్కావాలి గానీ బండికెందుకురా?"

ఒకసారి మమ్మల్నీ కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లి గుడారం వేశాడు. రాత్రంతా ఫ్యాన్లు తిరిగి, ప్యానెల్ నింపిన బ్యాటరీ అయిపోయింది. పొద్దున ఆయన చేపలు తేవడానికి వెళ్లగానే మా ఆయన, పాపం పెద్దాయన బండి కాలిపోతోందని, దాన్ని చింతచెట్టు కింద పెట్టాడు.

పొద్దెక్కేసరికి మా పాపకి ఆయాసం వచ్చింది. వెంట తెచ్చుకున్న మందు ఆవిరి పట్టే మిషను పెడితే తిరగలేదు. మాచర్ల ఆసుపత్రి చానా దూరం.

అప్పుడే బాబాయి వచ్చాడు. "ఏందల్లుడూ, నీడలో పెట్టావా!" అని ఒక్క కేక వేసి, చేపల సంచీ పడేసి, వ్యానుని ఎండలోకి తెచ్చాడు. పైకెక్కి తువ్వాలుతో ప్యానెల్ తుడిచాడు. కాసేపటికి మిషను గుర్రుమంది.

"పీల్చుకో తల్లీ, మన ఎండేలే, ఎంతైనా ఉంది" అంటూ పాప వీపు నిమిరాడు.

ఇప్పుడాయన లేడు. మా కారు మీద ప్యానెలూ లేదు. అయినా చెట్టుకింద చోటున్నా నేను ఎండలోనే ఆపుతాను. తిరిగొచ్చి స్టీరింగు పట్టుకోగానే అరచెయ్యి చురుక్కుమంటుంది.

"ఉన్నావా బాబాయ్" అనుకుంటాను.