భార్గవి ఎడమ చెవిలో మగ్గం చప్పుడు

దయ్యం పట్టిందని ఎవరైనా నిమ్మకాయలు దిగదుడిచి దారిలో పడేస్తే, ఊరగాయకైనా పనికొచ్చేవి కదా అనుకునే మనిషిని నేను. గాలి సోకిందనీ, ఎవరో ఆవహించారనీ చెప్పేవాళ్ళను దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. పని తప్పించుకోవడానికి ఒళ్ళు నేర్చుకునే వేషాలు అనేదాన్ని. ఇప్పటికీ చాలామంది విషయంలో అదే అంటాను.

ఇది మా ఇంట్లో జరిగింది. ఆ చప్పుడును నేను వినలేదని ముందే చెబుతున్నాను. విన్నది నా మనవరాలు భార్గవి. అది కూడా ఎప్పుడో చచ్చిపోయిన ఎడమ చెవితో.

ఆ చెవి ఎలా పోయిందో మొదట చెప్పాలి.

మాది ఎమ్మిగనూరు. నేతపని. ఇంట్లో గుంత మగ్గం ఉండేది. మా ఆయన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవాడు, నేను దారాన్ని కండెలకు చుట్టేదాన్ని. భార్గవికి అప్పటికి బడికి పోయే వయసు కూడా రాలేదు. ఒకరోజు కత్తెర చేతికి దొరికితే, మగ్గం మీద సాగదీసి ఉన్న పడుగు దారాలను జానెడు మేర కత్తిరించేసింది. మా ఆయన కూర్చున్న చోటు నుంచి లేవకుండానే చేయి చాచి కొట్టాడు. దెబ్బ చెవి మీద పడింది. రక్తం కారింది. తర్వాత చీము పట్టింది. ఎన్ని మందులు వేసినా ఆ చెవి తిరిగి రాలేదు.

నా కొడుకు వీరేశు తండ్రిని నిలదీశాడు. ఆయన పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను విసరడం ఆపలేదు.

"మాట ఇనని సెవి ఉంటే ఏమి, పోతే ఏమిరా," అన్నాడు.

అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు. దాచుకున్నాడని కాదు, ఆయనకు గుర్తుండేంత పెద్ద విషయం కాదు అది.

ఆయన పోయాక మగ్గం కట్టెల ధరకు పోయింది. వీరేశుకు ఆదోనిలో పత్తి మిల్లులో పని దొరికితే ఇక్కడికి వచ్చేశాం. మిల్లు వెనక వీధిలో అద్దె ఇల్లు. సీజనులో కిటికీ తెరిస్తే అన్నంలో దూది పడుతుంది. నా కోడలు కూడా ఆ మిల్లులోనే పత్తి ఏరడానికి పోతుంది. పగలంతా ఇంట్లో ఉండేది నేను, భార్గవి.

భార్గవి డిగ్రీ చదివింది. ఇంట్లో కూర్చుని ఫోన్లలో జవాబు చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. ఎవరో ఏదో సామాను కొంటారు, అది పాడవుతుంది, వాళ్ళు ఫోన్ చేసి తిడతారు. ఈ పిల్ల తిట్లన్నీ విని, క్షమించండి సార్ అని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమనాలి. ఒక చెవే పనిచేస్తుందని కంపెనీకి చెప్పలేదు. చెబితే ఆ పని ఇచ్చేవాళ్ళు కాదు. కుడి చెవిని కంటికి రెప్పలా చూసుకోమని డాక్టరు చిన్నప్పుడే చెప్పాడు. అది కూడా పోతే ఉద్యోగమే కాదు, మనుషులే పోతారన్నాడు.

ఆమె వాడేది వైరున్న ఇయర్‌ఫోన్. చివర రబ్బరు బుడిపెలు, చెవి రంధ్రంలోకి దూర్చుకునేవి. ఎడమ చెవికి వినిపించకపోయినా దానిలో కూడా పెట్టుకునేది. వదిలేస్తే ఆ బుడిపె ఎద మీద వేలాడి, వైరుకున్న మైకుకు తగిలి, అవతలివాళ్ళకు గరగరమని వినిపించేది. అందుకని వట్టి చెవికి కూడా బిరడా పెట్టేది, మూసిన తలుపుకు తాళం వేసినట్టు.

దానితో రెండు బాధలు. ఒకటి, వైరు చున్నీకి రాసుకున్నప్పుడల్లా చెవిలో దడదడమనేది. బుడిపె చెవిని గట్టిగా మూసేస్తుంది కాబట్టి వైరును గోటితో గీకినా లోపల డప్పు కొట్టినట్టుండేది. రెండోది, సౌండు. ఫోన్‌లో ఒక్క గీత దాకా తగ్గించినా కుడి చెవిలో పొడిచినట్టు వచ్చేది. సాయంత్రానికి చెవి గుయ్‌మంటోందని తల పట్టుకుని కూర్చునేది.

కొత్తది కొందామన్నాడు వీరేశు. పని చేసే వస్తువును పారేయడం నాకు చేతకాదు. వైరును కిందికి వేలాడనివ్వకుండా చెవి మీదుగా పైకి తిప్పి, మెడ వెనక నుంచి తెచ్చి, డ్రెస్సు మెడపట్టీకి దారంతో చిన్న ముడి వేశాను. ముడికీ చెవికీ మధ్య కాస్త వదులుంచాను, తల తిప్పినా లాగకుండా. బుడిపె రబ్బరు ఊడదీసి, సౌండు వచ్చే చిన్న గొట్టం నోట్లో దూది పెట్టాను. ఎక్కువ పెడితే మాట ముద్దగా వచ్చింది, తీసి పల్చన చేశాను. సరిపోయింది. దడదడ పోయింది, పోటు తగ్గింది.

ఆ దారం ఎక్కడిదంటే, భార్గవి కత్తిరించిన ఆ పడుగుదే. నేతగాళ్ళ ఇంట్లో తెగిన పోగు కూడా పారేయరు. ఉండ చుట్టి పెట్టె అడుగున ఉంచాను. దిండ్లు కుట్టినా, బొంత కుట్టినా దాంట్లోదే తీసేదాన్ని.

"నాన్నా, అవ్వ సేతికి సూది ఇయ్యగాకు," అంది భార్గవి వాళ్ళ నాన్నతో. "రేపు నన్ను గూడా మడిసి కుట్టి పెట్టెలో దాస్తాది."

కొన్నాళ్ళు సుఖంగా గడిచింది. ఒక పొద్దున నేను బియ్యం ఏరుతుంటే భార్గవి ఫోన్ మధ్యలో నా వైపు తిరిగి, వైరు ఊడిందేమో చూడమంది. ఊడలేదు. మళ్ళీ దడదడ వస్తోందంది. కదలకుండా కూర్చోమన్నాను. కూర్చుంది. ఊపిరి బిగబట్టమన్నాను. బిగబట్టింది. వస్తూనే ఉందట.

ఏ చెవిలోనే అని అడిగాను.

కుడి బుడిపె తీసింది, పెట్టింది. ఎడమది తీసింది, పెట్టింది. మొహం మారిపోయింది.

"ఎడమ సెవిలో అవ్వా."

ఎముక అదిరి కుడి చెవికి తెలుస్తుందేమోలే అన్నాను. ఫోన్ నుంచి వైరు పీకేశాను. వస్తూనే ఉందంది. ఫోన్ ఆపేశాను. వస్తూనే ఉంది. ఎట్లా ఉందో కొట్టి చూపించమన్నాను. ఎదురుగా ఉన్న చేట మీద వేళ్ళతో కొట్టింది.

రెండు గట్టి దెబ్బలు, కాస్త ఆగి ఒక మెత్తని దెబ్బ.

మగ్గం చప్పుడు ఒక ఇంటిది ఇంకో ఇంటిలా ఉండదు. మా వీధిలో నడిచిపోతుంటే ఏ ఇంట్లో ఎవరు కూర్చుని నేస్తున్నారో తలుపు చూడకుండా చెప్పేవాళ్ళం. మా ఆయనకు కుడి మోకాలు సరిగా వంగేది కాదు. తొక్కుడు పలక ఆలస్యంగా తొక్కేవాడు. మధ్యలో ఆ ఆగడం ఆయనది. ఇంకెవరిదీ కాదు.

చిన్నప్పుడు విన్నది బుర్రలో మిగిలిపోయి ఉంటుంది అనుకున్నాను. ఆ పిల్ల మగ్గం పక్కనే పెరిగింది కదా.

రెండు రోజులు పోయాక ఇంకోటి చెప్పింది. మధ్యమధ్యలో ఆ దడదడ ఆగిపోతుందట. కర్ర మీద కర్రతో కొట్టినట్టు టకటకమని వస్తుందట. కాసేపు ఏమీ ఉండదట. మళ్ళీ ఇంకా గట్టిగా టకటక. తర్వాత మళ్ళీ దడదడ.

నేను చేతిలో పని కింద పెట్టాను.

పోగు తెగితే మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. నాడెతో మగ్గం గుంజ మీద కొట్టేవాడు. నేను వెళ్ళి పోగు అతకాలి. ఆలస్యమైతే రెండోసారి గట్టిగా కొట్టేవాడు. ఇదంతా వీరేశు పెళ్ళికి ముందు మాట. కోడలు వచ్చాక పోగులు ఆమె అతికేది. పరాయి ఇంటి ఆడపిల్లను గుంజ కొట్టి పిలవకూడదని ఆ అలవాటు మానేశాడు. భార్గవి పుట్టాక ఆ ఇంట్లో ఆ చప్పుడు లేనే లేదు. నువ్వేమైనా చెప్పావా అని వీరేశును అడిగాను. వాడికి అసలు గుర్తే లేదు.

ఆ సాయంత్రం వీరేశు ఆ బుడిపె తన చెవిలో పెట్టుకున్నాడు. కోడలు పెట్టుకుంది. నేను పెట్టుకున్నాను. మాకెవరికీ ఏమీ లేదు. భార్గవి ఎడమ చెవిలో వేలు పెడితే ఏమీ లేదు, దూది పెడితే ఏమీ లేదు. బుడిపె పెడితే మగ్గం. వీరేశు బజారుకు పోయి కొత్త ఇయర్‌ఫోన్ తెచ్చాడు. పాత దారంతోనే కట్టి పెట్టాను, దాంట్లో కూడా మగ్గమే. పాత పడుగు దారం వల్ల అన్నది కోడలు. దారం దారమే అన్నాను. అయినా ఆమె తృప్తి కోసం విప్పేసి పొయ్యిలో వేశాను. తేడా రాలేదు. కోడలు పిల్లను బస్సెక్కించి మంత్రాలయం తీసుకుపోయింది. నదిలో ముంచి, ప్రదక్షిణలు చేయించి తెచ్చింది. తేడా రాలేదు.

అది రోజురోజుకూ పెరిగింది. ఫోన్‌లో సౌండు తగ్గించవచ్చు, గొట్టంలో దూది పెట్టవచ్చు. దీన్ని తగ్గించే బటన్ ఎక్కడుంది? కుడి చెవిలో మనిషి మాట్లాడుతుంటే ఎడమ నుంచి మగ్గం వచ్చి ఆ మాటల మీద పడేది. భార్గవి తనకు తెలియకుండానే అరిచి మాట్లాడేది. అవతలివాళ్ళు మమ్మల్నే గదమాయిస్తావా అని కంపెనీకి చెప్పారు. ఇంకొకసారి ఇట్లా జరిగితే తీసేస్తామని మెసేజ్ వచ్చింది.

ఆ మాట చదివి వినిపించి భార్గవి ఏడ్చింది. నేను కత్తెర తెచ్చి ఎడమ వైరును రెండుగా చీలే చోట కత్తిరించి, కొస మైనంతో మూసేశాను. బుడిపె ఉంటేనే కదా చప్పుడు. వేలాడేది లేదు కాబట్టి గరగర కూడా లేదు. నేను చేసింది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు.

ఇల్లు మళ్ళీ నిమ్మళించింది. కంపెనీ కూడా ఏమీ అనలేదు. భార్గవి బుగ్గల్లో కాస్త రంగు వచ్చింది. నాకు కొత్త చీర కొంటానంది, వద్దన్నాను, ఉన్నవి చాలవా అన్నాను.

ఒక మధ్యాహ్నం ఎవరికో ఓపిగ్గా జవాబు చెబుతూ చెబుతూ మాట ఆపేసింది. కుడి చెవిలోని బుడిపె తీసి చూసుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"అవ్వా, కరెంటు పోయెనా?" అంది.

పోలేదన్నాను. ఆమె నా పెదవుల వైపు చూసింది. తర్వాత తలెత్తి ఫ్యాన్ వైపు చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది. వెనక మిల్లు నడుస్తోంది. ఆమె చూస్తూనే ఉంది. ఆ చూపు చూడకుండా ఉంటే బాగుండేది నాకు.

కర్నూలుకు తీసుకుపోయాం. ఇంజెక్షన్లు చేశారు, మాత్రలు ఇచ్చారు, గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేశారు. కారణం లేకుండా ఒక్కసారిగా చెవి పోవడం అరుదుగా జరుగుతుందని, మొదట్లో వస్తే కొందరికి తిరిగి వస్తుందని డాక్టరు చెప్పాడు. మేము వెంటనే వచ్చాం. తిరిగి రాలేదు. మిషను పెట్టినా ప్రయోజనం లేదన్నాడు. మగ్గం సంగతి అడిగాను. చెడిన చెవిలో లేని చప్పుళ్ళు పుట్టడం ఉంటుందన్నాడు. బుడిపె పెడితేనే ఎందుకు పుడుతుంది అని అడిగాను. తను పుట్టకముందటి అలవాటు ఆ పిల్లకెట్లా వినిపిస్తుంది అని అడిగాను. ఆయన చదువుకున్నవాడు, నాతో అబద్ధం చెప్పలేదు. తెలీదమ్మా అన్నాడు.

ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా ఇంట్లో భార్గవికి ఏ మాట చెప్పాలన్నా రాసి చూపించాలి. నాలుగో తరగతితో వదిలేసిన అక్షరాలు నాకు మళ్ళీ అలవాటయ్యాయి. అన్నం తిను, స్నానం చెయ్యి, ఎవరో వచ్చారు. పలక మీద రాస్తాను, చదువుతుంది, తుడిచేస్తాను. మొదట్లో నా గుణింతాలు తప్పని నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు.

మొన్న దొడ్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. దగ్గరికి పోయి చూశాను. నేను కత్తిరించి పడేసిన ఎడమ వైరు ముక్క. ఎక్కడ దాచిందో, ఎప్పటి నుంచి వాడుతోందో నాకు తెలియదు. బుడిపె చెవిలో ఉంది. వైరు కొస ఒళ్ళో వట్టిగా పడి ఉంది, దేనికీ తగిలించి లేదు.

పీకేయబోయాను. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తన గొంతు తనకు వినిపించదు కాబట్టి వీధి దాకా వినిపించేంత గట్టిగా అంది.

"తీయగాకు అవ్వా. నాకు ఇనపడేది ఇదొక్కటే."

అది ఎవరి చప్పుడో ఆమెకు తెలుసా అని రాసి అడగాలనుకున్నాను. పలక చేతిలోకి తీసుకున్నాను. తెలుసని చెబితే ఏం చేయాలో, తెలియదంటే చెప్పాలో వద్దో తోచలేదు. పలక పక్కన పెట్టేశాను.

అది ఏమిటో నాకు తెలియదు. దయ్యమని ఇప్పటికీ అనను. ఆ పిల్లను కొట్టి చెవి పోగొట్టిన మనిషి చప్పుడు తప్ప ఈ లోకంలో ఆమెకు ఇంకొకటి వినిపించదు. రోజూ ఆ చప్పుడు వింటూనే నిద్రపోతుంది.