పేర్లు చదవండి అన్నాను

శనివారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ప్రొజెక్టర్ కేబుల్ దొరికింది. తరగతి రెండున్నరకు మొదలు కావాలి. కేబుల్ డ్రమ్స్ వెనకాల, కిందటి క్రిస్మస్‌కు కట్టిన రంగుకాగితాల సంచిలో ఉంది. అది దొరికాక ప్రారంభ ప్రార్థన. దానికి ఇంకో పావుగంట.

మా సంఘం రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక సందులో, ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో కూడుతుంది. ఆదివారం ఆరాధనను లైవ్‌లో చూపించాలని పాస్టర్ గారు నిర్ణయించి, వాలంటీర్లకు నేర్పే పని నాకు అప్పగించారు. ఇరవై రెండేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తవాళ్ళకు శిక్షణ పాఠాలు రాశాను కాబట్టి ఇది నాకు వచ్చని ఆయన నమ్మకం. నా భర్త పోయి అప్పటికి ఏడు నెలలు. శనివారాలు ఇంట్లో కూర్చోలేక ఒప్పుకున్నాను.

ఆ రోజు మూడో తరగతి. నాలుగు పేజీల నోట్స్ రాసి ముందే పంపాను. ఆరుగురిలో ఒక్కరూ చదవలేదు. అంతకు ముందు రెండు ఆదివారాలు ప్రయోగంగా పాటలు, ప్రసంగం మాత్రం చూపించాం. చూస్తున్నవాళ్ళలో ఎవరో "చర్చి ఎన్నో ఫ్లోర్?" అని కామెంట్‌లో అడిగితే, మావాళ్ళు ముగ్గురు వరసగా "ఆమేన్" అని పెట్టారు.

"ప్రశ్న చదివారా?" అని అడిగాను.

"చదివామండి. ఆమేన్ అంటే తప్పేముందండి?" అన్నాడు కామెంట్లు చూసే బ్రదర్. రాజమండ్రి మనిషి, నలభై దాటాయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. వారమంతా ఇతరుల తప్పులు పట్టడమే ఆయన పని.

"రెండో అంతస్తు అని చెప్తే వచ్చేవాడు కదా."

"ఆ, వస్తడు. లిఫ్ట్ ఉందా అని అడుగుతడు. ఇగ దానికి గూడ ఆమేన్ అంటరు వీళ్ళు" అంది ఖాజాగూడ అక్క. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అక్కది ఖాజాగూడలో ఆఫీసులు రాకముందు నుంచీ ఉన్న కుటుంబం. సంఘంలో ప్రార్థన మనవులు చదివేది ఆవిడే. ఆరాధనకు వచ్చినవాళ్ళు తమ కష్టాన్ని చీటీ మీద రాసి తలుపు దగ్గర డబ్బాలో వేస్తారు. అక్క ఒక్కో చీటీ తీసి పేరు, ఉండే చోటు, కష్టం గట్టిగా చదువుతుంది. అందరం ప్రార్థిస్తాం. పదిహేనేళ్ళుగా ఇదే పద్ధతి. హాల్లో ఉన్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే కనుక ఎవరికీ ఇబ్బంది రాలేదు.

లైవ్ సంగతి వేరు. అది నాకు తెలియదని చెప్పుకోలేను. నోట్స్ మొదటి ప్రతిలో "పేర్లు చదవకూడదు" అని నేనే రాశాను. తర్వాత కొట్టేశాను.

నా భర్త చివరి పదకొండు వారాలు మియాపూర్ వైపు ఒక ఆసుపత్రిలో ఉన్నారు. అప్పటికి లైవ్ లేదు. ఆదివారం ఒక సహోదరి హాల్లోంచి నాకు ఫోన్ చేసి, పెట్టేయకుండా బల్ల మీద ఉంచేది. ఆయన పెద్ద భక్తిపరుడేం కాదు. ప్రసంగం మధ్యలో నిద్రపోయేవారు. మనవుల సమయానికి మాత్రం లేపమనేవారు. తన పేరు విన్నాక, "పోయిన వారం మొదట చదివింది. ఇవాళ మూడోది. నయమవుతున్నట్టుంది" అనేవారు. "ఆసుపత్రిలో ఉన్న ఒక సహోదరుడు" అని చదివి ఉంటే ఆయన లేచేవారు కాదు. అందుకే ఆ వాక్యం కొట్టేశాను.

తరగతి చివర్లో బ్రదర్ అడిగాడు. "వచ్చే వారం నుంచి మనవులు కూడా లైవ్‌లో పెడతాం కదండి. పేర్లు చదవొచ్చా? బయటివాళ్ళు చూస్తారు కదా."

మూడు వారాల్లో నాకు ఎదురైన సరైన ప్రశ్న అదొక్కటే.

"చదవండి" అన్నాను.

"పేరు చెప్పకుంట ప్రార్థన ఏంది? దేవునికి ఎట్లనో తెలుస్తది. మనకు తెల్వద్దా?" అంది అక్క. విషయం అక్కడితో అయిపోయింది.

తర్వాతి నెలలో చర్చి ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. పంపింది ఒంగోలు అమ్మాయి. హాస్టల్లో ఉంటూ దగ్గర్లోనే ఉద్యోగం చేసేది. అప్పుడప్పుడు ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చునేది. మంగళవారం వేరే కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది, ప్రార్థించండి, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు అని రాసింది. చీటీ వేయకుండా ఫోన్‌కు పంపితే పైకి చదవరనుకుందట. బ్రదర్ దాన్ని అక్షరం పోకుండా చీటీ మీదకు ఎక్కించాడు. అక్క అక్షరం పోకుండా చదివింది. అమ్మాయి పేరు, పనిచేసే కంపెనీ, వెళ్ళాలనుకుంటున్న కంపెనీ, చివర్న "ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు" అన్నది కూడా. నేను కెమెరా పక్కనే ఉన్నాను. అందరితో పాటు ఆమేన్ అన్నాను.

ఆమె టీమ్‌లోనే పనిచేసే ఒకతను ఇంట్లో తన తల్లి కోసం ఆ లైవ్ పెట్టాడట. సోమవారం మధ్యాహ్నం మేనేజర్ పిలిచాడు. ఎలాగూ వెళ్ళిపోతున్నావు కదా అని కొత్త ప్రాజెక్టులోంచి ఆమెను తీసేశారు. మర్నాడు ఇంటర్వ్యూ సరిగా చేయలేకపోయింది. శనివారం తరగతికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఆంటీ, నేను ప్రార్థన చేయమన్నాను. ఊరందరికీ చెప్పమన్నానా?"

తప్పు నాదన్నాను.

"ఆ వీడియో అయినా తీసేయండి. మా హాస్టల్ ఆంటీ కూడా చూసింది. రూమ్ ఖాళీ చేస్తావా, ముందే చెప్పు అంటోంది."

వీడియో తీసేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఛానల్ పాస్‌వర్డ్ ఒక్కరికే తెలుసు. ఆయన విజయవాడలో పెళ్ళిలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలని నా నోట్స్ మూడో పేజీలో ఉంది.

"మీరే చదవమన్నారండి" అన్నాడు బ్రదర్.

"అన్నాను. ఎవరికీ చెప్పలేదు అన్న ముక్క కూడానా?"

"మార్చి రాస్తే తప్పవుతుందేమోనని..."

"నా చేతిల పెట్టిన చీటీ నేను చదివిన" అంది అక్క. "జర ఆగి ఆలోచించాల్సిండె, నిజమే. గని మేడం, గా పిల్లకు ఇప్పుడు మనం ఏం జెయ్యాలె?"

పాస్టర్ గారు ఆమె కోసం ప్రార్థిద్దామన్నారు.

నెల తిరిగేలోపు ఆమెను రాజీనామా చేయమన్నారు. ఒంగోలు వెళ్ళిపోయింది. రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి ఎత్తి, "పర్లేదు ఆంటీ" అంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

కొట్టేసిన వాక్యాన్ని మొదటి పేజీలో మళ్ళీ రాశాను. ఈసారి ఆరుగురూ చదివారు. అందుకు కూడా నాకు కోపమే వచ్చింది. మూడు వారాల తర్వాత, డయాలసిస్ మీద ఉన్న ఒక పెద్దాయన ఇంటి నుంచి ఫోన్ చేశారు. "నా పేరు రావడం లేదమ్మా. నన్ను తీసేశారా?" అని అడిగారు. తీసేయలేదు, ఇది కొత్త పద్ధతి అని చెప్పాను.

"పద్ధతి సరేనమ్మా. మరి నాకోసం చేశారని నాకెలా తెలుస్తుంది?"



అక్క ఇప్పుడు "మనవులు పంపినవారందరి కోసం" అని ఒక్క మాట అని కూర్చుంటుంది. చీటీల మీది పేర్లు మా సంఘంలో ఇప్పుడు ఎవరూ చదవరు.